చిన్న స్పీకరులో గొంతు

వాకాడులో బస్సు దిగేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. పంతొమ్మిది వందల అరవై నాలుగు, కార్తీకం. మూడు రోజులుగా ముసురు. గూడూరులో రేడియోలు బాగుచేసే సైదులు, పనిముట్ల పెట్టె మీద గోనెపట్టా కప్పి, సముద్రం వైపున్న చివరి పెంకుటింటికి నడిచాడు.

ఆ ఇల్లు మగ్దలీనమ్మది. మిషన్ బడిలో పంతులమ్మగా చేసిందామె. భర్త కృపాదానం ముచ్చటపడి మద్రాసు నుంచి తెప్పించుకున్న, రికార్డులు కూడా పాడే రేడియోగ్రాము హాల్లో బీరువాలాగా నిలబడి ఉంది. ఆయన పోయి నెలైంది. సముద్రంలో పోయాడని మాత్రం సైదులు విన్నాడు.

"పాట మోగతానే ఉండాది సైదులూ. మాటే తెలియడంలా," అంటూ ఆమె రికార్డు పెట్టింది.

నిజమే. కీర్తన పాడే మనిషి నోటికి దుప్పటి అడ్డం పెట్టుకున్నట్టుంది. డోలు వినిపిస్తోంది, తాళాలు లేవు. 'స' పలికిన చోటల్లా ఖాళీ.

"పెద్ద స్పీకరు బాగానే ఉందమ్మగారూ. సన్న శబ్దాలు పలికే చిన్నది పోయింది."

వెనక చెక్క ఊడదీశాడు. లోపల్నుంచి పాచి వాసన కొట్టింది, పడవ అడుగున కొట్టినట్టు.

మామూలుగా అయితే లోపలి తీగచుట్ట కాలిపోతుంది. టార్చి బ్యాటరీ తాకించి చూస్తే తెలుస్తుంది. 'టిక్'మంటే ప్రాణం ఉన్నట్టు. ఇక్కడ అంతదాకా పోనక్కర్లేదు. రెండు తీగలూ కత్తెరతో తెగ్గోసి ఉన్నాయి. స్పీకరు కాగితం నిండా సూది పోట్లు. ఎవరో కసితీరా పొడిచినట్టు.

"ఎవరమ్మా ఈ పని చేసింది?"

ఆమె చూపు తిప్పుకుంది. "ఎవరైతే ఏం నాయనా. నువ్వు బాగు చెయ్యి."

పెట్టెలోంచి కొత్త స్పీకరు తీసి బిగించి, తీగలు అతికాడు. ఈసారి తాళాలు గలగలమన్నాయి. మాట గాజులా మోగింది. సైదులు తృప్తిగా పనిముట్లు సర్దుకోబోయాడు.

పాట అయిపోయింది. మగ్దలీనమ్మ రికార్డు మీంచి ముల్లు ఎత్తింది కానీ, రేడియోగ్రాము ఆపలేదు. మోకాళ్ల మీద కూర్చుని, స్పీకర్ల ముందున్న గుడ్డకు చెవి ఆనించింది.

పెంకుల మీద వాన. దూరంగా అలల హోరు. ఆ రెండింటి మధ్యలోంచి సన్నగా... ఇసుక జారినట్టు...

"స్..."

సైదులు శబ్దం పూర్తిగా తగ్గించాడు.

"స్..."

ప్లగ్గు పీకేశాడు. లోపలి బల్బులు చల్లారేదాకా కాస్త మోగడం మామూలే. పది లెక్కపెట్టాడు. ఇరవై. బల్బులు నల్లబడ్డాయి.

"స్..."

"ఆయనే," ఆమె గుసగుసలాడింది. ముఖం వెలిగిపోతోంది. "ఇంకొంచెం గట్టిగా పిలవండి..."

తలుపు ధడాలున తెరుచుకుంది. కృపాదానం చెల్లెలు ఎలిశబెతు. వానకు తడిసి ముద్దయింది. లోపలికి చూసి కొయ్యబారిపోయింది.

"వదినా! మళ్లీ పెట్టించినావా?"

కుట్టుమిషను మీది కత్తెర అందుకుంది. "సైదులన్నా, ఇది మా అన్నను మూడు రోజులు పేరు పెట్టి పిలిచింది. మూడోనాడు చెప్పులు కూడా తొడుక్కోకుండా సముద్రంలోకి నడిచిపోయినాడు. మర్నాటి నుంచి మా వదిన పేరు. అందుకే కోసేసినా."

"అది మీ అన్న గొంతే ఎలిశబెతూ..."

"అన్న బతికుండగానే పిలిచింది గదా వదినా! అన్న గొంతెట్లవతది?"

మగ్దలీనమ్మ గుడ్డ మీంచి చెవి తీసింది.

ఎలిశబెతు పెట్టె వెనక్కి పోయి కత్తెర వేసింది. రెండు తీగలూ తెగి వేలాడాయి. నిశ్శబ్దం.

సైదులు వేలితో స్పీకరు కాగితాన్ని తాకి చూశాడు. తడిగా ఉంది. చల్లగా... అవతల్నుంచి ఎవరో ఊపిరి వదిలినట్టు...

"స్... సైదులూ..."

ఆడా కాదు. మగా కాదు.

పనిముట్లు అక్కడే వదిలేశాడు. తనూ ఎలిశబెతూ కలిసి మగ్దలీనమ్మను రెక్క పట్టుకుని బయటికి లాగారు. ఆమె పెనుగులాడలేదు. చిన్నపిల్లలా ఏడుస్తోంది. ఎలిశబెతు వదినను పాస్టరు గారింటికి తీసుకుపోయింది. సైదులు కదులుతున్న బస్సు ఎక్కేశాడు. దారి పొడుగునా రెండు చెవులూ అరచేతులతో మూసుకునే ఉన్నాడు.

దీపాలవేళకు గూడూరులో ఇల్లు చేరాడు. భార్య చాంద్‌బీ పెరట్లో గిన్నెలు తోముతోంది. ఆమెకేం చెప్పలేదు. చెవుల్లో దూది కుక్కుకొని, వీధి తలుపు గడియ పెట్టి, మంచం మీద ముడుచుకుని కూర్చున్నాడు. ఏమీ వినిపించడం లేదు. గుండె ఒక్కటే కొట్టుకుంటోంది. నెమ్మదిగా ఒళ్లు తేలికపడింది.

కాసేపటికి చాంద్‌బీ తడి చేతులు కొంగుతో తుడుచుకుంటూ ఎదురుగా వచ్చి నిలబడింది. పెదాలు కదుపుతోంది. సైదులు దూది తీశాడు.

"వస్తండా గదా, ఎన్నిసార్లు పిలుస్తావు?" విసుక్కుంది ఆమె. "అయినా ఆ గొంతేంది, అంత సన్నగా అయిపోయినాది?"