ఓటర్ల లిస్టులో మొగుని పేరు

"నీ మొగుని పేరేందవ్వా?"

"చెప్పకూడదప్పా. ఆయుస్సు తగ్గుతాది."

"ఆయన యాడుండాడు?"

"పోయి ఇరవై ఏండ్లాయె."

"పోయినాయనకు ఇంకేం ఆయుస్సు తగ్గుతాదవ్వా?"

"ఆడ కూడా బాగుండాల గదా."

ఈశ్వరప్ప పెన్సిలు చెవి వెనక దోపి తల పట్టుకున్నాడు. 1954 ఆఖరు. కర్నూలులో సర్కారు పడిపోయింది. పెనుకొండ నియోజకవర్గం లిస్టు వారంలో దిద్దాలి. ధర్మవరం మగ్గాల వీధిలో నూలుకట్టల మీది చీటీలు చూసి అక్షరాలు నేర్చుకున్న మొండివాడు ఈశ్వరప్ప. తాలూకా ఆఫీసు వాళ్లు అతన్ని దినకూలికి పెట్టుకుని, పెనుకొండ పక్క పల్లెకు తోలినారు.

ఆ పల్లెలో ఈ అవ్వ ఉండే వీధిలో పోయినసారి ఒక్క ఆడమనిషికీ ఓటు లేదు. రంగప్ప పెండ్లాము, పోతులయ్య తల్లి అని రాసుకుపోయి, తర్వాత పేర్లు లేవని అందరినీ కొట్టేసినారు. పొద్దుగూకులూ చేలో వంగి పనిచేసేవాళ్లకు పేరు లేదంట. అది తలచుకుంటే ఈశ్వరప్పకు ఒళ్లు మండేది.

"సరే. గుర్తు చెప్పు, నేనే కనుక్కుంటా."

"కదిరిలో ఉండాడు సూడు, ఆ సామి పేరు," అంది అవ్వ.

కదిరి సామి నరసింహుడు. ఈశ్వరప్ప 'నరసింహులు' అని రాసి, పెద్దగా చదివి వినిపించాడు.

వాకిలి పక్కన చెనక్కాయలు వలుస్తున్న పిల్ల పకపకా నవ్వింది. "మా తాత పేరు కదిరప్ప. నరసింహులంటే ఎదురింటి ముసలాయన. ఒక్క గీతతో మా అవ్వకు మారుమనువు చేసినావు గదప్పా."

అవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఈశ్వరప్ప చెవులు ఎర్రబడ్డాయి.

ఆ పిల్ల పుష్పావతి. ఆ ఇంటి రైతు రామప్ప కూతురు, అవ్వకు మనుమరాలు. పందొమ్మిదేండ్లు. ఓటుకు ఇంకా రెండేండ్లు కావాలి.

"నీ పేరేందప్పా?"

"ఈశ్వరప్ప."

"ఈశ్వరప్పా, నువ్విట్ల రాస్తే వీధి వీధంతా మొగుళ్లు తారుమారైతారు. నాది పెండ్లి కాని నోరు. ఎవురి మొగుని పేరైనా చెప్తా. దా."

లేవబోతూ ఈశ్వరప్ప ఆగాడు. "నీ పేరు చెప్పలేదే అవ్వా."

పెట్టె అడుగున మడిచిపెట్టిన చీర తీసినట్టు, అవ్వ మెల్లగా ఆ పేరు బయటికి తీసింది. "అంజినమ్మ." మళ్లీ తనకు తానే అనుకుంది. "అంజినమ్మ. ఈ పేరు విని నలభై ఏండ్లాయె నాయనా."

నాలుగు రోజులు సన్నటి తుంపర. పుష్పావతి గోనెసంచి మడిచి తలమీద వేసుకుని ముందు నడిచేది. లిస్టు బుక్కు ఆ సంచి చాటున తడవకుండా ఉండేది, ఈశ్వరప్ప మాత్రం తడిసేవాడు. ఒక్కో వాకిట్లో ఆడవాళ్లు తలుపు చాటున సిగ్గుపడేవాళ్లు, ఆ పిల్ల టకటకా చెప్పేది. "ఈమె చిన్నమ్మ, మొగుడు ఉలిగప్ప. ఈయమ్మ యల్లక్క, మొగుడు పోతులయ్య."

అతను ఒక ఇంటిముందు వెనకబడితే, ఆమె వీధి చివరి నుంచి కేకేసేది. "ఈశ్వరప్పా."

"ఆఁ, వస్తాండా."

ఇంట్లో అందరూ 'ఒరేయ్' అనేవాళ్లే, ఆ పేరు పెట్టి పిలిచింది లేదు. ఆ తుంపరలో, ఆ గొంతులో, అది వేరే పేరులాగా ఉండేది. కడిగి ఆరేసిన పట్టునూలు లాగా. ఇంకోసారి పిలుస్తుందని అతను కావాలనే వెనకబడేవాడు. ఆ సంగతి ఆ పిల్లకూ తెలుసు. తెలిసే పిలిచేది.

ఫిబ్రవరిలో ఓట్లు పడ్డాయి. అంజినమ్మ చీటీ పెట్టెలో వేసి, వేలి మీది మసి చూసుకుంటూ బయటికొచ్చింది.

"ఎవురికేసినావవ్వా?" అన్నాడు ఈశ్వరప్ప.

"మొగుని పేరే చెప్పలేదు నీకు. ఇది చెప్తానా?"

ఆ తర్వాత అతను తను నేసిన చీరలు అమ్మే నెపంతో ఆ వీధికి వచ్చిపోతూనే ఉన్నాడు. అసలు మాట మాత్రం నోట్లోనే ఉండిపోయింది. సర్కారును, షావుకారును ఎదిరించి మాట్లాడే నోరు, ఆ వాకిట్లో పెగిలేది కాదు.

1956 చివర్లో ఢిల్లీ ఎలక్షనుకు మళ్లీ లిస్టు పని వచ్చింది. బస్సు దిగగానే ఉలిగప్ప ఎదురొచ్చి చెప్పాడు. "రామప్ప కూతురికి రొళ్ల ఊరి నుంచి సంబంధం వచ్చినాది. పదైదు దినాల్లో తాంబూలాలు."

ఆ వీధి అతనికి ఎప్పుడూ అంత పొడుగ్గా తోచలేదు. ఆరోజు కూడా వాన. పుష్పావతి వాకిట్లోనే ఉంది. చూసింది కానీ పేరు పెట్టి పిలవలేదు. "వచ్చినావా" అంది, అంతే.

ఇప్పుడామెకు ఇరవయ్యొకటి. ఈశ్వరప్ప బుక్కు తెరిచాడు.

"పేరు?"

"తెలిసిందే గదా."

"తండ్రి పేరు రాయాల్నా, మొగుని పేరా?"

ఆమె చేటలోంచి ఒక చెనక్కాయ తీసి వలిచింది.

"రొళ్లాయన పేరేంది?"

"నారాయణ. పదెకరాలుండాది, బావి ఉండాది." టక్కున చెప్పింది.

ఈశ్వరప్ప పెన్సిలు కదలలేదు. "మునుపు నన్ను పేరు పెట్టి పిలిచేదానివి. ఇప్పుడు అదీ లేదు."

అరుగు మీద అంజినమ్మ నవ్వింది. "లోకమంతా చదివినావు, ఇది తెలీదా నీకు? ఆ రొళ్లోని పేరు అది ఎంత సులభంగా చెప్పింది? మొగుడనుకున్నోని పేరు అట్ల చెప్తారా ఎవురన్నా? ఇప్పుడు నీ పేరు అడుగు దాన్ని."

వాన చూరు నుంచి దారాలుగా కారుతోంది. ఈశ్వరప్ప బుక్కు మూసి పెట్టాడు.

"నా పేరేంది, పుష్పా?"

పుష్పావతి వాన వైపు తిరిగింది. ఆ చెంప మాత్రం కనిపించింది. అది నవ్వుతోంది.

"చెప్పకూడదు."

లోపలినుంచి రామప్ప వచ్చాడు. అంతా విన్నాడు. "మగ్గం గుంతలో కూచునేవోనికి నా బిడ్డనిస్తానా?"

"ఇస్తావు," అంది అంజినమ్మ. "నలభై ఏండ్లు ఈ ఇంట్లో చాకిరీ చేసినా. నువ్వు అమ్మా అన్నావు, మీ నాయన ఇదో అన్నాడు. నా పేరు అడిగింది ఈ పిల్లోడొక్కడే. నీ బిడ్డకు పేరున్న బతుకు కావాల్నా, పదెకరాలు కావాల్నా?"

రామప్ప పదిరోజులు అన్నం సరిగా తినలేదు. పదకొండో రోజు రొళ్లకు వద్దని కబురు పంపాడు.

ఆ లిస్టులో మాత్రం ఈశ్వరప్ప 'తండ్రి రామప్ప' అనే రాశాడు. దొంగ లిస్టు రాసే రకం కాదు అతను.

పెండ్లయినాక మగ్గం తెచ్చి అవ్వ వీధిలోనే వేసుకున్నాడు. ఒకటే కొరత. 'ఇదో', 'యోవ్', 'మీ నాయన్ను పిలువు' తప్ప ఆమె నోట తన పేరు లేదు. మూఢనమ్మకమని అతను ఉపన్యాసం మొదలుపెడితే ఆమె చెవిలో దూది పెట్టుకునేది.

1962లో మళ్లీ అసెంబ్లీ ఓట్లు. బడి ముందర మగవాళ్ల వరస ఒకటి, ఆడవాళ్ల వరస ఒకటి. ఈశ్వరప్ప వరస మధ్యలో ఉన్నాడు. అవతల పుష్పావతి తలుపు దగ్గరికి చేరింది.

"లిస్టులో ఇద్దరు పుష్పావతులుండారు," అన్నాడు ఆఫీసరు. "మొగుని పేరు చెప్పమ్మా."

రెండు వరసలూ అటు తిరిగాయి. వెనక నిలబడిన అంజినమ్మ గొణిగింది. "చెప్పకుంటే పేరు కొట్టేస్తారే. నా మాదిరే ఐతావు."

పుష్పావతి తల ఎత్తింది. వీధి చివరి నుంచి కేకేసే ఆ పాత గొంతుతో చెప్పింది.

"ఈశ్వరప్ప."

మగవాళ్ల వరసలోంచి, ఏమీ ఆలోచించకుండా, జవాబు వచ్చింది.

"ఆఁ, వస్తాండా."