శివంగి మెడలో పలుకుపట్టీ

ఆ రోజు పొద్దున ఆకాశం వానకి ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. వానపడవలు కొండ మీద చుట్లు తిరిగి, మబ్బుల్లో ఉప్పు చల్లి, చుక్క రాలకుండానే వెనక్కి పోయాయి. మనిషి లేకుండా ఎగిరే ఆ డ్రోన్లకు కూడా దీపావళి కాబట్టి మధ్యాహ్నం నుంచి సెలవే.

పలకలమెట్టలో బాలచెన్నయ్య గడప మీద కూర్చుని ఆకాశం సంగతి కుక్కను అడిగాడు.

"తడి వాసన ఉంది. వాన లేదు" అంది కుక్క మెడలోని పట్టీ.

కుక్క పేరు శివంగి. బాలచెన్నయ్యకు దారితోడు. చాలా ఏళ్ల కిందట పలకరాతి క్వారీలో రాయి పగలగొట్టే తూటా పేలి అతని రెండు కళ్లూ పోయాయి. క్వారీలు మూతపడ్డాయి, గుంతలు మిగిలాయి. ఊరి చుట్టూ అవే, నిండా నీళ్లతో. తోడు కుక్క లేకపోతే అతనికి గడపే పొలిమేర.

ఆ పట్టీ చేసిన డాక్టర్ హైమ అరుగు మీద టీ తాగుతోంది. తోడుకుక్కల కేంద్రంలో ఆమె శాస్త్రవేత్త. నిన్న సాయంత్రం వచ్చి పట్టీ కట్టింది. పండగ అయ్యేదాకా ఉండి చూసిపోతుంది.

తోడుకుక్కలకు పండగంటే గండం. టపాసుల మోతకు చెవిడొప్పలు వచ్చాయి. దీపాల సెగకు నిప్పంటని కోటు వచ్చింది. మిగిలింది మనిషి చెయ్యి. లడ్డూలో కిస్మిస్ కుక్క మూత్రపిండాలను చెడగొడుతుంది. ఇంటికిద్దరు చక్కెర జబ్బు వాళ్లున్న కాలం కాబట్టి మిఠాయిల్లో చక్కెర బదులు జైలిటాల్ పడుతోంది. అది మనిషికి మంచిదే, కుక్కను మాత్రం పూట తిరక్కుండా చంపుతుంది. పోయిన దీపావళికి బాలచెన్నయ్య మొదటి కుక్క గవ్వ అట్లాగే పోయింది. ఎవరు పెట్టారో తెలియదు. పెట్టిన వాళ్లకూ తెలియదు. కేంద్రం వాళ్ల నియమం ప్రకారం ఒక మనిషికి రెండు కుక్కలే. శివంగి పోతే మూడోది రాదు.

పలుకుపట్టీ లోపలి అంచున వరసగా సెన్సర్లుంటాయి. హైమ వాటికి ఘ్రాణికలు అని పేరు పెట్టింది. కుక్క మూతి దగ్గరికి వచ్చిన తిండిలో ఏమేం ఉన్నాయో అవి పసిగడతాయి. గొంతు దగ్గరుండే నాడీపాఠిక కుక్క మనసులోని కోరికను, భయాన్ని నరాల కదలికలో చదువుతుంది. రెండూ కలిపి పట్టీ మాటగా పలుకుతుంది. ఉన్నదున్నట్టు తప్ప పలకదు. అదొక్కటే హైమకు గర్వం.

పొరుగింటి తిరుపాలమ్మ పళ్లెంతో వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. పండగనాడు నోరులేని జీవానికి పెట్టందే ముద్ద నోట్లో పెట్టదు.

"దామ్మా శివంగీ" అని లడ్డూ చాపింది.

"తినాలని ఉంది" అంది పట్టీ. "కానీ ఇందులో కిస్మిస్ ఉంది. తింటే చచ్చిపోతాను."

తిరుపాలమ్మ చెయ్యి అట్లాగే నిలిచిపోయింది.

"పండగ పూట ఏం మాటలే అవి? చెన్నయ్యా, ఇంటన్నావా? నా చేతిది తింటే చస్తదంట."

"అది నిజమే చెబుతోంది అవ్వా" అంది హైమ.

"నిజమైతే మాత్రం? నోరులేని దానికి పెట్టి తినమని మా అత్త నేర్పింది. దీనికి నోరొచ్చింది గదా. ఇంక నాతో ఏం పని."

పళ్లెం మీద కొంగు కప్పుకుని పోయింది. తర్వాత ఇద్దరు ముగ్గురు వచ్చారు. పట్టీ అదే మాట అంది. వాళ్లూ పోయారు. మధ్యాహ్నానికి వీధిలో ఆ గడప తొక్కే మనిషి లేడు.

"పోయిన పండక్కి ఈపాటికి వీధంతా వచ్చిపోయింది" అన్నాడు బాలచెన్నయ్య. "గవ్వకు పెట్టే వంకన నాతో నాలుగు మాటలాడేవాళ్లు."

"ఆ రాత్రికే గదా గవ్వ పోయింది చిన్నాయనా" అంది హైమ.

"పోయింది" అన్నాడు. గడప తడుముతూ, "మాటలు మాత్రం బాగుండేవి" అన్నాడు.

హైమ ఏడేళ్లు ఈ పట్టీ మీదే గడిపింది. ఒళ్లంతా బరువుగా ఉంది. గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

బకిల్ ఊడిన చప్పుడుకి కళ్లు తెరిచింది. తిరుపాలమ్మ మళ్లీ వచ్చి శివంగి ముందు గొంతుక్కూర్చుని ఉంది. పట్టీ ఆమె ఒళ్లో ఉంది.

"ఇది మీరు పెట్టిన నోరు" అంటోంది. "దీని సొంత నోరు ఏమంటదో చూద్దాం."

సొంత నోరు అప్పటికే లడ్డూ అందుకుంది. హైమ ఒక్క ఉరుకున వచ్చి శివంగి దవడలు పెగలదీసి, వేళ్లు లోపలికంటా పెట్టి ముద్దంతా పెకలించింది. ఒక్కొక్క కిస్మిస్ ఏరి అరచేతిలో పెట్టుకుని చూసింది. నలగలేదు. కుక్క లోపలికి పోలేదు.

తిరుపాలమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. భయంతో కాదు.

"నేను పెట్టింది నోట్లోంచి లాగేసిందయ్యా."

బాలచెన్నయ్య శివంగి తల నిమురుతూ అన్నాడు. "డాక్టరమ్మా, దానికి వద్దనడం ఒక్కటే నేర్పావు. మా దగ్గర వద్దని ఎవరంటారు? నాకూ చక్కెర జబ్బే. ఎవరేం తెచ్చినా చాలా బాగుంది, ఆ పక్కన పెట్టు, తర్వాత తింటాలే అంటా. వాళ్లు సంతోషంగా పోతారు, నేను బతుకుతా. దాని చేత కూడా అదే అనిపించు."

"అది అబద్ధం చిన్నాయనా. కుక్కకి అబద్ధం రాదు."

"మనకు మాత్రం పుట్టుకతో వచ్చిందా?"

హైమ చాలాసేపు పట్టీని చేతిలో తిప్పుతూ కూర్చుంది. తర్వాత సంచిలోంచి పలకయంత్రం, అదే ట్యాబ్, తీసి పట్టీ పలికే వాక్యం మార్చింది. పట్టీ శివంగి మెడకు కట్టింది.

తిరుపాలమ్మ అనుమానంగానే ఇంకో లడ్డూ చాపింది.

"చాలా బాగుంది అవ్వా" అంది పట్టీ. "ఆ పక్కన పెట్టు. తర్వాత తింటాలే."

ముసలామె మొహం విచ్చుకుంది. "చూశావా, ఎంత మర్యాద" అని హైమ పట్టుకున్న చిప్పలో లడ్డూ పెట్టింది. పోతూ పోతూ వీధంతా చెప్పింది. దీపాలు పెట్టే వేళకి జనం వస్తూనే ఉన్నారు. పట్టీ అదే మాట అంటూనే ఉంది. చిప్ప నిండింది. ఆ చిప్పలోంచి కుక్క ఒక్కటైనా తిన్నదా అని ఎవరూ అడగలేదు.

రద్దీ తగ్గాక తిరుపాలమ్మ తనతో కలిపి ముగ్గురికీ అన్నం, పప్పు, పులుసు వడ్డించింది. శివంగికి ఉప్పు లేని అన్నం.

"పట్టీ ఎట్లుంది చిన్నాయనా?" అంది హైమ.

"చాలా బాగుందమ్మా. పొద్దున్నుంచి మాట్లాడి అది కూడా అలిసింది. తీసి ఆ గూట్లో పెట్టు. తర్వాత కడతాలే."

హైమ పట్టీ విప్పి గోడ దగ్గరికి పోయింది. పలకరాతి గోడలో లోతైన గూడు. చెయ్యి లోపలికంటా పెడితే ఏదో కాగితం గరగరలాడింది. బయటికి తీసింది. పోయిన ఏడు దీపావళికి ముందు, గవ్వ కోసం తాను చేసి తెచ్చిన మెత్తటి చిక్కం. మూతికి తొడిగితే ఎవరు ఏం పెట్టినా కుక్క తినలేదు. కట్టిన కాగితం కట్టినట్టే ఉంది.

ఆ రోజు ఈ గడప మీదే బాలచెన్నయ్య దాన్ని వేళ్లతో తడిమి, చాలా బాగుందమ్మా, ఆ గూట్లో పెట్టు, తర్వాత తొడుగుతాలే అన్నాడు. తాను సంతోషంగా వెళ్లిపోయింది.

కాగితం చప్పుడుకి బాలచెన్నయ్య చెయ్యి అన్నంలో ఆగింది. కాసేపటికి మళ్లీ కలుపుకోవడం మొదలుపెట్టింది.

హైమ చిక్కాన్ని ఎక్కడిదక్కడే పెట్టింది. పట్టీ తెచ్చి శివంగి మెడకు మళ్లీ కట్టి, బకిల్ బిగించి, వచ్చి విస్తరి ముందు కూర్చుంది. శివంగి తన గిన్నెలో మూతి పెట్టింది. ఆ అన్నంలో చెప్పడానికి ఏమీ లేదు కాబట్టి పట్టీ పలకలేదు.

పులుసులో ఉప్పు బాగా ఎక్కువైంది. ఎవరూ ఆ మాట అనలేదు. నలుగురూ తలవంచుకుని తిన్నారు.