కాజీపేటలో ఎర్రబడ్డ వెండి

"సీసకు జర వెలుగు తగిలినా మన కొలువులు పోతయ్," అన్నాడు చీఫ్ సారంగపాణి.

1984 వేసవి. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల చాటున బ్రీఫింగ్. ఏజెంట్ జయరాజు తుమ్ము ఆపుకుంటూ విన్నాడు.

సీసాలో కంటికి ఆనని వెండి రేణువులు. వాటిని అంటుకుని ఒక కొత్త రసాయనం. ఎండ పడితే వెండి ఆ వెలుగును పట్టి రసాయనానికి అందిస్తుంది. క్షణాల్లో రియాక్షన్ పూర్తి. పసుపు నీళ్లు ఎర్రబడతాయి. ఇక అసలు ఫార్ములా ఏమిటో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. దాని కోసమే ఒక విదేశీ ముఠా వరంగల్‌లో దిగింది.

"ఢిల్లీ ల్యాబ్‌కు చేర్చాలె. రైలెక్కే ముందు ఒక్క చుక్క కాగితం మీదేసి ఎండకు పెట్టు. ఎర్రబడితేనే అసలుది. సాగనంప హన్నా వస్తది."

హన్నా కూడా ఏజెంటే. జయరాజుకు మేనమామ కూతురు, రేపోమాపో భార్య. నల్ల కళ్లద్దాలు, గులాబీ రంగు సిల్కు చీరతో కాజీపేట ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి పోర్టర్లు మోత మరిచారు.

"ప్రార్థన చేసుకోకుండనే పోతవా బావా?" అంది.

రైల్వే క్రైస్తవుల ఇళ్లలో ప్రయాణ ప్రార్థన లేనిదే ఎవరూ గడప దాటరు. జయరాజు నల్ల కాగితం చుట్టిన సీసాను పెట్టె మీద ఉంచి, చేతులు జోడించి, కళ్లు మూసుకున్నాడు. హన్నా తీరిగ్గా, చక్కగా ప్రార్థించింది. ఆమెన్ అనగానే, "నాయిన ఎదురుచూస్తాండు," అని వెళ్లిపోయింది.

జయరాజు కాగితం మీద చుక్క వేశాడు. ఎండ మండిపోతున్నా చుక్క పసుపుగానే ఉంది. వాసన చూస్తే వంటింటి పసుపు.

సీసా తన చేయి విడిచింది ప్రార్థనప్పుడు ఒక్కసారే. నమ్మించి గొంతు కోయడానికి దేవుణ్ణి కూడా వాడుకుంది మహాతల్లి.

ఎదుటి ప్లాట్‌ఫారం మీద మద్రాసు రైలు కదులుతోంది. ఫుట్‌బోర్డు మీద హన్నా. పత్తి వ్యాపారి వేషంలో ఉన్న తెల్లవాడు తలుపులోంచి సీసా కోసం చేయి చాచాడు. జయరాజు పట్టాలు దాటి పరుగెత్తి కమ్మీ అందుకున్నాడు. సీసా చేతులు మారే క్షణంలో నల్ల కాగితాన్ని ఒక్క లాగు లాగాడు. ఎండ సూటిగా తగిలింది. పసుపు నీళ్లు నారింజై, ఎర్రబడ్డాయి.

తెల్లవాడు తిట్టుకుంటూ హన్నాను కిందికి నెట్టి తలుపేసుకున్నాడు. ఆమె వెంటే జయరాజూ ప్లాట్‌ఫారం మీదికి దూకాడు. వాణ్ణి పోలీసులు నెక్కొండలో దించారు.

హన్నాకు బేడీలు వేస్తుంటే జయరాజు ఉండబట్టలేక అడిగాడు. "నా మీద ఒక్కనాడన్న పాయిరం లేకుండెనా?"

"ఉండె బావా. గందుకే పిస్తోల్ తేలే, సీసనే మార్చిన."

సాయంత్రం చీఫ్ అతని భుజం తట్టాడు. "శాంపిల్ పోతే పోనీ, మళ్ల చేసుకుంటరు. ఆదివారం చర్చిల మీ పెండ్లి ఆఖరి ప్రకటన గద, దాని సంగతేంది?"

"ఈ పెండ్లికి అభ్యంతరమున్నోళ్లు లేచి చెప్పుండ్రి అంటడు సార్ పాస్టరు." జయరాజు గొంతు సవరించుకున్నాడు. "నేనే లేస్త."