అద్దె నాన్నలు

సైకాలజిస్టును చంపినవాడికి గురి తప్పలేదు. సైలెన్సర్ బిగించిన పిస్టల్, ఒకే ఒక్క బుల్లెట్. యూనివర్సిటీ కార్ పార్కింగ్‌లో, పట్టపగలు, కారు తాళంచెవి చేతిలో ఉండగానే ఆవిడ కూలిపోయింది. హ్యాండ్‌బ్యాగ్ ఎవరూ ముట్టుకోలేదు. చుట్టుపక్కల బోలెడంత జనం ఉన్నారు, ఒక్కరూ ఏమీ చూడలేదట. చూసినా చెప్పి చస్తారా!

"ఆవిడ మొన్ననే మనకి ఫోన్ చేసింది," అన్నారు పెద్దాయన. సీక్రెట్ సర్వీస్ చీఫ్‌ని డిపార్ట్‌మెంట్ అంతా అలాగే పిలుస్తుంది. "ఒక స్టూడెంట్ తండ్రి మూడుసార్లు ఫోన్ చేశాడట. మూడుసార్లూ గొంతు వేరట."

ఎదురుగా కూర్చున్న ఏజెంట్‌ని జిగురు అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, పట్టుకుంటే వదలడని కొలీగ్స్ తగిలించిన పేరు.

"ఫారిన్ స్పైల ముఠానా సార్?"

"ఆ. లీడర్‌ని కర్నల్ అంటారు. స్టూడెంట్స్ రికార్డులు పోగేస్తున్నాడు. మార్కులు కాదయ్యా, మార్కులు ఎవడిక్కావాలి? ఎవడు కాపీ కొట్టి దొరికాడు, ఎవరు కౌన్సెలింగ్‌కి వెళ్ళి ఏం చెప్పుకుని ఏడ్చారు, అదీ వాడిక్కావలసింది. ఈ పిల్లలే రేపు మిసైల్ ల్యాబుల్లో, మినిస్ట్రీల్లో కూర్చుంటారు. అప్పుడు ఒక్క పేజీ చూపిస్తే చాలు, ఆడించినట్టు ఆడతారు."

"స్టూడెంట్ రికార్డు స్టూడెంట్‌ది సార్. వాళ్ళు ఒప్పుకోకుండా కన్నతండ్రికైనా చూపించకూడదని రూలుంది కదా!"

"ఎందుకు లేదూ? ఫ్రేము కట్టించి రిజిస్ట్రార్ ఆఫీసు గోడకి తగిలించారు. ఫోన్ సరిగ్గా దాని కిందే ఉంది." పెద్దాయన నవ్వలేదు. "కర్నల్ అద్దెకి నాన్నల్ని పెట్టుకున్నాడు. డ్రామా ఆర్టిస్టులు, రిటైరైనవాళ్ళు. పొద్దస్తమానం యూనివర్సిటీకి ఫోన్లు చేయడమే వాళ్ళ డ్యూటీ. రేపు మొత్తం డేటా శాటిలైట్ లింకులో దేశం దాటుతుంది. ఆపు. ఆ డేటా ఉన్న డిస్క్ మాత్రం భద్రంగా తీసుకురా. లోపల పచ్చరాయి ఉంది."

"మన మనిషేనా?"

"మన దగ్గరా జీతం తీసుకుంటుంది, వాళ్ళ దగ్గరా తీసుకుంటుంది. ఎవరి మనిషో అక్కడికెళ్ళాక నువ్వే తేల్చుకో."

జిగురు తలూపి లేచాడు. ఒక్క సంగతి మాత్రం పెద్దాయనకి చెప్పలేదు. అతని చెల్లెలు చదివేది ఆ యూనివర్సిటీలోనే, ఫైనల్ ఇయర్. తండ్రి పోయిన దిగులులో కిందటేడు ఆ పిల్ల ప్రాణం తీసుకోబోయింది. పక్కన కూర్చుని, నెలల తరబడి మాట్లాడి, మళ్ళీ మనిషిని చేసింది ఆ సైకాలజిస్టే. ఈ విషయం కన్నతల్లికి కూడా తెలియదు. తెలిసిన ముగ్గురిలో ఒకరిని నిన్న చంపేశారు. మిగిలింది అన్నాచెల్లెళ్ళిద్దరూ, యూనివర్సిటీ కంప్యూటర్లో ఒక ఫైలూ. అది కర్నల్ చేతిలో పడితే చెల్లెలి బతుకు జీవితాంతం వాడి గుప్పిట్లోనే. అందుకే ఆ డిస్క్‌ని భద్రంగా తెచ్చే ఉద్దేశం జిగురుకి ఏ కోశానా లేదు.

కర్నల్ అడ్డా ఒక కర్టెన్ల షాపు పై అంతస్తులో ఉంది. మర్నాడు కొత్త అద్దె నాన్న వేషంలో, నెరిసిన విగ్గు, లావుపాటి కళ్ళజోడు, జేబులో ఆస్తమా ఇన్‌హేలర్‌తో జిగురు మెట్లెక్కాడు. ఇన్‌హేలర్‌లో మందు లేదు, ఫోన్ లైన్లు చంపే జామర్ ఉంది.

తలుపు తీసిన ఆడమనిషి ఆకుపచ్చ పట్టులో నిగనిగలాడుతోంది. వేలికి పెద్ద పచ్చరాయి ఉంగరం.

"మీ అబ్బాయి గెడ్డం తీశాడా?" కోడ్ వర్డ్ అడిగింది.

"చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది," కోడ్ వర్డ్ అప్పగించాడు జిగురు.

"రండి నాన్నగారూ!" అని నవ్వింది పచ్చరాయి. "చూడండి, ముందు దగ్గాలి. తర్వాత కోప్పడాలి. పొరపాటున కూడా మర్యాదగా మాట్లాడొద్దు. మర్యాదగా అడిగితే ఐడీ ప్రూఫ్ అడుగుతారు. కేకలేస్తే తండ్రని నమ్మేస్తారు."

గది నిండా ప్లైవుడ్ క్యాబిన్లు. ఒక్కో క్యాబిన్లో ఒక్కో నాన్న, చెవులకి హెడ్‌ఫోన్లు. ఒకాయన గుండె పట్టుకుని గద్గదంగా మాట్లాడుతున్నాడు. ఇంకొకాయన బల్ల గుద్దుతున్నాడు. "ఏవయ్యా, నెత్తురు ధారపోసి చదివిస్తుంటే పిల్ల సంగతి నాకే చెప్పవా? నేను దాని తండ్రినయ్యా!"

అవతలి క్లర్కు గొంతు స్పీకర్లో వినిపించింది. "అయ్యయ్యో, కంగారు పడకండి సార్. నేనూ ఆడపిల్ల తండ్రినే. ఒక్క నిమిషం, ఫైలు చూసి చెప్తాను."

అంతా చదివి వినిపించాడు. డబ్బు తీసుకోలేదు, ఎవరికీ భయపడలేదు. పాపం, జాలిపడ్డాడంతే. లంచగొండి అయితే ముందు బేరమాడేవాడు, ఆ కాసేపైనా సమయం చిక్కేది. ఈ మంచివాడి చేతిలో మాత్రం వేలమంది పిల్లల గుట్టు సంతకెక్కింది.

పచ్చరాయి ఒక కార్డు తెచ్చి జిగురు ముందు పెట్టింది. "ఇదే ఆఖరి కాల్. ఇది అవగానే అప్‌లోడ్."

కార్డు మీద చెల్లెలి పేరు.

గాజు క్యాబిన్లోంచి కర్నల్ అతన్నే చూస్తున్నాడు. ఇప్పుడే జామర్ నొక్కితే అప్‌లోడ్ మిషన్ ఎక్కడుందో తెలియకుండానే పట్టుబడతాడు. తప్పదు. నంబర్ కలిపి దగ్గాడు, కేకలేశాడు. ఆ కేకలో చనిపోయిన నాన్న గొంతే వచ్చింది.

"ఫైలు ఓపెన్ చేశాను సార్," అన్నాడు క్లర్కు. "ఫీజు కన్సెషన్ ఇచ్చారు... తండ్రి మరణించినందువల్ల..."

క్లర్కు ఆగాడు. గదిలో నాన్నలందరూ బిగుసుకుపోయారు. అడగవయ్యా, ఇప్పుడైనా నువ్వెవరని అడగవయ్యా, అని జిగురు లోలోపల వేడుకున్నాడు.

"క్షమించండి సార్! మావాళ్ళు తప్పు ఎక్కించినట్టున్నారు," అన్నాడు క్లర్కు. "మీరు నిండు నూరేళ్ళూ ఉండాలి. ఇప్పుడే సరిచేసేస్తాను. ఇక కౌన్సెలింగ్ రిపోర్టు చూస్తే, కిందటేడు మీ అమ్మాయి..."

జిగురు ఇన్‌హేలర్ నొక్కాడు. గదిలో ఫోన్లన్నీ ఒక్కసారిగా చచ్చిపోయాయి.

"స్పై!" అని అరుస్తూ కర్నల్ గాజు క్యాబిన్లో మూలనున్న కంప్యూటర్ మీదికి ఉరికి అప్‌లోడ్ బటన్ నొక్కాడు. శాటిలైట్ కేబుల్‌కి జామర్ అడ్డు కాదు. జిగురు కుర్చీ విసిరాడు. గాజు భళ్ళున పగిలింది. స్క్రీన్ మీద అప్‌లోడ్ గీత ముప్పావు వంతు నిండింది. కర్నల్ రివాల్వర్ ఎత్తాడు. పేలింది మాత్రం పచ్చరాయి పిస్టల్. కర్నల్ మణికట్టు పట్టుకుని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. గీత చివరికంటా నిండబోతుండగా జిగురు కేబుల్‌ని రెండు చేతులా పట్టి గోడలోంచి ఊడబెరికాడు.

ట్రాన్స్‌మిషన్ ఫెయిల్డ్, అంది స్క్రీన్.

నాన్నలందరూ చేతులెత్తేశారు. ఒకాయన భయంతో నిజంగానే దగ్గుతున్నాడు.

"డిస్క్ ఇలా ఇవ్వండి," అంది పచ్చరాయి. "పెద్దాయన ఆర్డర్. గీత కూడా పడకూడదన్నారు."

జిగురు కింద పడిన కర్నల్ రివాల్వర్ అందుకుని, ఆమెకేసి చూస్తూనే కంప్యూటర్లోని డిస్క్ మీద మూడుసార్లు కాల్చాడు.

ఆమెకి కోపం రాలేదు. జాలిగా చూసింది. "ఎంత పిచ్చిపని చేశారండీ," అంది.

ఆ జాలి ఎందుకో పెద్దాయన గదిలో తెలిసింది.

"డిస్క్ పగిలిందట?"

"తూటా తగిలింది సార్."

"మూడు తూటాలూనా?" పెద్దాయన టీ తాగుతున్నారు. "పోనీలే. యూనివర్సిటీకి నేనే ఫోన్ చేశాను. సాయంత్రానికల్లా మొత్తం రికార్డులు పంపించేశారు. మంచివాళ్ళు."

"ఎందుకని అడగలేదా?"

"మనం పరాయివాళ్ళమా ఏంటి, అడగడానికి?"

"మరి నన్నెందుకు పంపారు సార్? ఆ సైకాలజిస్టు ప్రాణం ఎందుకు పోయినట్టు?"

"వాడి దగ్గర కూడా కాపీ ఉంటే మనదానికి విలువేముంటుందయ్యా?" కప్పు కింద పెట్టారు. "అన్నట్టు, మీ చెల్లెలి ఫైలు చదివాను. నాకొక్క మాట చెప్పలేదు నువ్వు. నొచ్చుకున్నాను సుమా! అంత బాధని కన్నతల్లికి కూడా తెలియకుండా దాచుకుందే, అలాంటి పిల్లలే కావాలి మనకి. ఆ ఫైలు మన దగ్గరుండగా కాదనగలదా?"

జిగురుకి ఒళ్ళంతా మండిపోయింది. ఆ టీ కప్పు తీసి ఆయన మొహాన కొట్టాలనిపించింది. సెల్యూట్ కొట్టి బయటికి వచ్చాడు. ఇన్నేళ్ళ సర్వీసులో నేర్చుకున్నది అదొక్కటే కదా, ఛీ!

వరండాలో ఉండగా ఫోన్ మోగింది.

"అన్నయ్యా! నాకు గవర్నమెంట్‌లో ఉద్యోగం వచ్చింది!" చెల్లెలి గొంతు ఎంతో కాలానికి గలగలలాడుతోంది. "ఇంటర్వ్యూ కూడా లేదు. ఎంత మంచివాళ్ళో తెలుసా? ఇప్పుడు నిద్ర బాగా పడుతోందా అమ్మా అని కూడా అడిగారు!"

జిగురు గోడకి ఆనుకున్నాడు. "ఆ ఉద్యోగం వద్దమ్మా," అన్నాడు.

"అదేంటన్నయ్యా? ఎందుకు?"

కారణం చెప్పడానికి వీల్లేదు. అది డిపార్ట్‌మెంట్ రికార్డు. ఈ దేశంలో డిపార్ట్‌మెంట్ రికార్డులకి మాత్రం పకడ్బందీ రక్షణ ఉంది.