నిశ్శబ్ద వేళలో ఇల్సే

"ప్రాణాలతో పట్టుకోవాలి, రోవెనా. వింటున్నావా?" అన్నాడు చీఫ్ డటన్.

ఏజెంట్ రోవెనా వినడం లేదు. ఫోటోలో ఇల్సే వార్గా నవ్వునే చూస్తోంది. రెండేళ్ల క్రితం ఇదే సిన్సినాటి ఆసుపత్రిలో, నెలలు నిండకుండా పుట్టిన రోవెనా కూతురు మేబెల్ పేగుల జబ్బుతో పోయింది. మందు మార్చిన చెయ్యి ఇల్సేది. మన ఏజెంటుగా జీతం తింటూ విదేశీ ముఠాకి ఊడిగం చేసిన అందగత్తె!

"ఆ జబ్బులో పేగు వాచిపోతుంది," డటన్ చెప్పుకుపోతున్నాడు. "వాపుకి సన్న రక్తనాళాల్లో నెత్తురు గడ్డకడుతుంది. రక్తం అందక పేగు చచ్చిపోతుంది. ఇక్కడ పరీక్షిస్తున్న మన కొత్త మందు వాపుని అణిచేస్తుంది. ముఠావాళ్లు దాని బదులు నెత్తురు గడ్డలు పెంచే మందు ఎక్కిస్తారు. పిల్లలు పోతే మన పరిశోధన మూతపడి, వాళ్ల సరుకు బజారుకెక్కుతుంది."

"నాకు చెప్తారేంటి సర్? చూసినదాన్ని."

మధ్యాహ్నం రెండు. పసికందుల వార్డులో నిశ్శబ్ద వేళ. దీపాలు తగ్గించారు. ఆ గంటసేపు అవసరం పడితే తప్ప పిల్లల్ని డాక్టర్లు కూడా ముట్టుకోరు. బిడ్డని గుండెకి హత్తుకున్న తల్లులు మాత్రం కుర్చీల్లో ఉండొచ్చు.

రోవెనా అలాంటి తల్లిలాగే కూర్చుంది. గుండెల మీద దుప్పటి, దాని కింద బిడ్డ బదులు కళ్లలో కెమెరాలున్న బొమ్మ, బొమ్మ కింద పిస్తోలు. పక్కన గాజు పెట్టెలో కిలో బరువు కూడా లేని పసివాడు జూడా.

తెల్లకోటులో ఇల్సే వచ్చింది. కునుకుతీస్తున్న తల్లే అనుకుని రోవెనాని లెక్కచెయ్యలేదు. సిరంజి జూడా ట్యూబుకి తగిలించి బొటనవేలు ఆనించింది.

రోవెనా లేచి ఒక చేత్తో ట్యూబు మడిచేసింది. రెండో చేత్తో పిస్తోలు ఎత్తింది.

"నువ్వా!" ఇల్సే గుసగుసలాడింది. "కాల్చవే, చూస్తా. ఆ చప్పుడుకి ఈ పసివాళ్లు ఏమైపోతారో!"

రోవెనాకి ఒళ్లంతా పగే. రెండేళ్లుగా ఈ క్షణం కోసమే బతికింది. జూడా నిద్రలో మూతి ముడిచాడు.

ఆమె పిస్తోలు దోపుకుంది. ఇల్సే మణికట్టు మెలితిప్పి సిరంజి లాక్కుంది. అరవబోయిన నోట్లో బొమ్మ టోపీ కుక్కి, బయటికి ఈడ్చుకుపోయింది. మొదటి తలుపు మూసుకుంది. రెండోదీ మూసుకునేదాకా ఓపిక పట్టింది.

అప్పుడు కొట్టింది. వార్డులో తప్ప ఆ అంతస్తంతా వినపడింది.

"పిస్తోలు పేలిందా?" చెవిలో డటన్ కంగారుపడ్డాడు.

"లేదు సర్, చెంప పేలింది."

"ఛ! రిపోర్టులో ఏం రాసి చావను?"

"వార్డు నియమాలన్నీ పాటించానని రాయండి."