ఆరింటి ఫైలు

“ఫైలు గ్రూపులోకి ఎక్కడం లేదు. అందుకే పిలిపించాను,” అంది కల్నల్ ఒరోజోవా.

ఏజెంట్ తాలాయ్‌కి ఒళ్లు మండింది. మూడు సరిహద్దులు దొంగచాటుగా దాటిన మనిషికి, బిష్కెక్‌లో కంప్యూటర్ రిపేరా?

“దానికి మెకానిక్కులు లేరా, మేడమ్?”

“నోరు మూసుకుని విను. సారీజార్ ఆనకట్ట గేట్ల ప్రోగ్రామ్ ఈ ఊళ్లోనే తయారవుతుంది. బిల్డ్ మెషీన్ రోజూ కొత్త ఫైలు తయారుచేస్తే, బాట్ అనే ఓ చిన్న ప్రోగ్రామ్ తనంతట తానే దాన్ని టీమ్ చాట్ గ్రూపులో పెడుతుంది. గేట్ల దగ్గరివాళ్లు అక్కణ్నుంచే దించుకుంటారు. సోమవారం నుంచి బాట్ ఆగిపోయింది. సోమవారమే ‘గద్ద’ ముఠా రేడియోలో సారీజార్ పేరు వినిపించింది.”

మంచు కరిగి నది పొంగుతోంది. సాయంత్రం ఆరింటికి కొత్త ఫైలు ఎక్కకపోతే నీళ్లు కట్ట మీంచి దూకుతాయి. దొంగ ఫైలు ఎక్కితే గేట్లన్నీ ఒక్కసారే తెరుచుకుంటాయి. కట్ట కింద ఇవాళ గుర్రాల సంత. తాలాయ్ తమ్ముడు తన గుర్రాన్ని పట్టుకుని ఆ జనంలోనే ఉన్నాడు. పారిపొమ్మని ఫోన్ చేద్దామంటే, సంత కదిలిన మరుక్షణం ముఠా జాగ్రత్తపడుతుంది.

కేబుల్ రిపేరువాడి నీలం చొక్కా, అతికించుకున్న మీసంతో తాలాయ్ ఆ ప్రోగ్రామ్ తయారయ్యే ఆఫీసులో అడుగుపెట్టాడు. ఎర్ర స్కార్ఫు, ఖరీదైన సెంటు వాసనతో అయ్‌జిరెక్ ఎదురొచ్చింది. ఏడాదిగా అక్కడ ఉద్యోగి వేషంలో ఉన్న మన మనిషే.

“గుర్రపు పాలు పులిశాయా?” అన్నాడు.

“చిలకడమే ఆలస్యం,” అంది. కోడ్ సరిపోయింది. “బాట్ లోపలికి రావడానికి వాడే టోకెన్ చచ్చిపోయింది. ఆరింటి ఫైలు నేనే నా చేత్తో పెట్టేస్తాలే. నువ్వు టీ తాగి వెళ్లు.”

ఆ నవ్వు బాగానే ఉంది. అంత తీరిగ్గా ఉండటమే అతనికి నచ్చలేదు. ఆమె అటు తిరగగానే చొక్కా గుండీలోని రీడర్‌ని బిల్డ్ మెషీన్‌కి తగిలించి, జరిగినవన్నీ నమోదయ్యే లాగ్ చదివాడు. టోకెన్ బతికే ఉంది. ఫైలుకి ఏ లోపమూ లేదు. తిరస్కరించడానికి రాసిన కారణం ఒక్కటే: పంపేవాడు ఈ గ్రూపులో సభ్యుడు కాడు. అంటే బాట్‌ని ఎవరో గెంటేశారు. అయ్‌జిరెక్ అబద్ధమాడింది.

ఎవర్నైనా చేర్చే, తీసేసే అధికారమున్న గ్రూపు పెద్ద, రిటైరైన చీఫ్ ఇంజనీరు జక్షిలిక్, పక్క గదిలో తెల్లటి ఉన్ని టోపీ పెట్టుకుని టీ తాగుతున్నాడు. గుర్రపు కొరడా ఎప్పట్లాగే పక్కనే ఉంది.

“తాతా, బాట్‌ని గ్రూపులోంచి ఎవరు తీసేశారు?”

“నేనే తరిమేశా. ఏం?” అన్నాడు ముసలాయన దర్జాగా. “రోజూ వస్తాడు. సలాం లేదు, పాడు లేదు. మూట పడేసి పోతాడు. ఎవరి అబ్బాయివిరా అని అడిగితే ఉలకడు, పలకడు! అయ్‌జిరెక్ చెప్పింది, వాడికి పెద్దలంటే లెక్కలేదని. బంగారంలాంటి పిల్ల.”

“తాతా, అది మనిషి కాదు, మెషీను. మళ్లీ చేర్చుకో, నీకు పుణ్యముంటుంది. అయ్‌జిరెక్ పెట్టేది దొంగ ఫైలు.”

“రోజూ నాకు టీ పోసే పిల్లని కాదని, మీసం ఊడిపోతున్న నిన్ను నమ్మాలా? ముందు వాడి చేత సలాం చెప్పించు.”

వాదించే తీరిక లేదు. గ్రూపులో అయ్‌జిరెక్ ఫైలు అప్పుడే ప్రత్యక్షమైంది. గేట్ల దగ్గరి సుయూన్ ‘దించుకుంటున్నా’ అని రాశాడు. తాలాయ్ ముసలాయన బల్ల మీది కంప్యూటర్లోంచే బిల్డ్ మెషీన్ తెరిచి, ఫైలు పంపే చోట ఓ కొత్త వాక్యం రాశాడు.

“చేతులు పైకి!” గుమ్మంలో అయ్‌జిరెక్. చేతిలో లిప్‌స్టిక్. దాని చివర సన్నటి తుపాకీ గొట్టం. “ముసలాడా, నువ్వు కూడా.”

“ముసలాడా?” అన్నాడు జక్షిలిక్.

కొరడా చెళ్లుమంది. లిప్‌స్టిక్ ఎగిరి బల్ల కింద పడింది. తాలాయ్ ఆమె చేతులు వెనక్కి విరిచి కేబుల్ తీగతో కట్టేశాడు.

“దొంగ ఫైలు తీసెయ్యి, తాతా! బాట్‌ని చేర్చు! సుయూన్‌ని ఆపు!”

ముసలాయన మూడు పనులూ చేశాడు, కళ్లజోడు వెతుక్కుంటూ, తిట్టుకుంటూ. తాలాయ్ అప్‌లోడ్ మళ్లీ నడిపించాడు. గ్రూపులో అక్షరాలు వెలిగాయి:

‘అస్సలాము అలైకుం, పెద్దలందరికీ. ఇవాళ్టి ఫైలు తెచ్చాను.’

‘పాతది పారేశా, ఇదే ఎక్కిస్తున్నా,’ అన్నాడు సుయూన్. గోడ గడియారం ఆరు కొట్టింది. సారీజార్‌లో ఒక గేటు లేచింది, ఆ తర్వాతే ఇంకొకటి. తమ్ముడికి ఫోన్ చేస్తే, బేరం మధ్యలో విసిగిస్తావేంటి అన్నయ్యా అని కసిరాడు. ఆ తిట్టు విని తాలాయ్ కుర్చీలో కూలబడ్డాడు.

జక్షిలిక్ బాట్‌కి జవాబు రాస్తున్నాడు: ‘వాలైకుం అస్సలాం, నాయనా. భోంచేశావా?’

అంతలో కల్నల్ ఫోన్ వచ్చింది. “టోకెన్ బాగుంది, ఫైలు బాగుంది. మరి రిపోర్టులో లోపం ఎక్కడుందని రాయమంటావ్?”

“పెంపకంలో అని రాయండి, మేడమ్.”