పిచ్చుక పెట్టిన రెండు పేర్లు

"పేరు చెప్పండి వదినా, రంగు ఆరిపోతోంది!" అన్నాడు బోర్డుల బాబాయ్.

ఆయన స్టూలెక్కి నిలబడ్డాడు. ఒక చేతిలో కుంచె, ఇంకో చేతిలో ఎర్రరంగు డబ్బా. కొత్త కొట్టు తలుపు పైన తెల్లటి బోర్డు ఖాళీగా ఉంది.

అమ్మ కొలత టేపును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. కంగారుగా ఉన్నప్పుడు అలాగే చేస్తుంది.

"నాకేమీ తోచట్లేదు. పిచ్చుకా, నువ్వు చెప్పవే."

పిచ్చుక ఐదో తరగతి చదువుతోంది. పొద్దస్తమానం ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటుందని అమ్మ ఆ పేరుతో పిలుస్తుంది. కొట్టు పేరు మాత్రం ఆమె దగ్గర ఎప్పటినుంచో సిద్ధంగా ఉంది.

"స్టార్ లగేజ్ ప్యాలెస్!"

బాబాయ్ వంగి కొట్టు లోపలికి చూశాడు. ఒక కుట్టుమిషను, ఒక బల్ల, గోడకి వేలాడుతున్న పాత బ్యాగులు.

"ప్యాలెస్ బాగానే ఉంది. మరి రాజుగారు ఎక్కడ కూర్చుంటారమ్మా? ఆ జిప్పుల డబ్బా మీదా?"

"వెక్కిరించకు బాబాయ్! పేరు గొప్పగా ఉండాలి."

"మనం చేసేది రిపేర్లు కదే..." అని నసిగింది అమ్మ. పిచ్చుక మొహం చూసి, "సరేలే, రాసెయ్యి" అంది.

ఇంతకుముందు అమ్మ కొట్టు ఒక మేడ మెట్ల కింద ఉండేది. చినిగిన బ్యాగులు, పాడైన జిప్పులు, విరిగిన గొడుగులు అక్కడికి వచ్చేవి. లోపల ఒకటే బల్బు, పసుపు వెలుగు. మిషను నూనె వాసన. పిచ్చుక బ్యాగుల కుప్ప మీద కూర్చుని హోంవర్క్ చేసుకునేది. నెత్తి మీద మెట్లు దబదబలాడితే, "రెండో అంతస్తు అత్తయ్య ఇవాళ కోపంగా ఉంది" అనేది అమ్మ. ఇద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్ళు.

అక్కడ పైకప్పు ఏటవాలుగా ఉండేది. ఎవరు వచ్చినా అమ్మ మిషను మీద నుంచి కళ్ళు ఎత్తకుండానే, "తల జాగ్రత్త!" అనేది. పిచ్చుక స్కూల్లో ఆటలు నేర్పే పొడుగు మాస్టారైతే నడుం దాకా వంగి దూరేవారు. "తల ఇంట్లోనే పెట్టి వచ్చానమ్మా" అనేవారు.

పిచ్చుకకి ఆ చోటంటే ఎంతో ఇష్టం. కానీ ఒకరోజు క్లాసులో రిబ్బన్ల పిల్ల, "మీ అమ్మది మెట్ల కింద కొట్టటగా? చీపుర్లు పెట్టుకునే చోటేనా?" అంది. అందరూ నవ్వారు. అప్పటినుంచి పిచ్చుక తమ కొట్టు సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు.

మేడవాళ్ళు ఆ చోటు ఖాళీ చేయమన్నారు. అమ్మ భయపడుతూనే పై వీధిలో ఈ కొట్టు తీసుకుంది. ఇది నడవకపోతే మళ్ళీ బ్యాగుల ఫ్యాక్టరీకే పోవాలి. పిచ్చుక చిన్నప్పుడు అమ్మ అక్కడే పనిచేసేది. పిచ్చుక లేచేసరికి వెళ్ళిపోయేది, నిద్రపోయాక వచ్చేది. పొద్దున పక్కలో అమ్మ ఉండేది కాదు. దిండు మీద అమ్మ తల పెట్టిన గుంట మాత్రం ఉండేది.

ప్యాలెస్‌కి మొదట వచ్చినాయన, "చక్రాల సూట్‌కేసులు చూపించండి" అన్నాడు. లేవంటే, "మరి ప్యాలెస్ అని ఎందుకు రాశారు?" అని విసుక్కుని వెళ్ళిపోయాడు.

తర్వాత గొడుగు మామ్మ వచ్చింది. ఆవిడ గొడుగు ఒకే ఒక్కటి. దాన్ని అమ్మ ఎన్నిసార్లు బాగుచేసిందో లెక్కే లేదు. మామ్మ గుమ్మానికి దూరంగా ఆగి, మెరిసే ఆ బోర్డు చూసింది. చేతిలోని గొడుగును వెనక్కి దాచుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. అమ్మ పరుగున బయటికి వచ్చేసరికి మలుపు తిరిగేసింది.

తర్వాత రోజులూ అలాగే గడిచాయి. ఒక సాయంత్రం అమ్మ మిషనుకి నూనె వేసింది. రోజంతా తిరగని మిషను అది. ఇంటికి వచ్చాక, "ఆ ఫ్యాక్టరీ సూపర్‌వైజరు నంబరు ఉందా?" అని నాన్నని మెల్లగా అడిగింది. పిచ్చుక వింది. అన్నం కంచం పక్కకి జరిపేసింది.

మర్నాడు స్కూల్లో పొడుగు మాస్టారి బంతుల సంచి అడుగున చిరిగిపోయింది. బంతులన్నీ గ్రౌండంతా దొర్లాయి. పిల్లలు కేకలు పెడుతూ వాటి వెంట పడ్డారు. పిచ్చుక రెండు బంతులు తెచ్చి ఇచ్చింది.

"మాస్టారూ, సంచి అమ్మకి ఇవ్వలేదేం?"

"ఎక్కడ ఇవ్వను తల్లీ? మెట్ల కింద తాళం వేసి ఉంది. పై వీధిలో వెతికితే ఏదో ప్యాలెస్ కనిపించింది. ఈ చిరుగుల సంచి పట్టుకుని ప్యాలెస్‌లోకి ఏం వెళ్తాం?" ఆయన నుదురు తడుముకున్నారు. అక్కడ చిన్న బొప్పి ఉంది. "నిన్న మా ఇంటి గుమ్మమే కొట్టుకుంది. తల జాగ్రత్త అని చెప్పేవాళ్ళు లేరు మరి!"

అది మాదే మాస్టారూ, అందామనుకుంది పిచ్చుక. పక్కనే రిబ్బన్ల పిల్ల బంతి పట్టుకుని నిలబడి ఉంది. పిచ్చుక ఇంకో బంతి వెనక పరుగెత్తింది.

స్కూలు వదలగానే నేరుగా కొట్టుకి పరుగెత్తింది.

"అమ్మా, పేరు మార్చేద్దాం!"

"నువ్వేగా గొప్పగా ఉండాలన్నావు?"

"మామ్మ గొడుగు దాచుకుందమ్మా. మనల్ని చూసి దాచుకుంది!" పిచ్చుక ఏడ్చేసింది. తర్వాత అమ్మ చెవిలో కొత్త పేరు చెప్పింది.

అమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఇన్నాళ్ళకి, గట్టిగా నవ్వింది.

"ఈ గుమ్మంలో తల ఎవరికి తగులుతుందే? ఏనుగైనా దూరుతుంది!"

"తగలదు. కానీ మనమేనని వాళ్ళకి తెలుస్తుంది."

బోర్డుల బాబాయ్ బోర్డు దింపి, పిచ్చుక చేతికి గరుకు కాగితం ఇచ్చాడు. "నీ ప్యాలెస్ నువ్వే కూల్చమ్మా."

పిచ్చుక వేళ్ళు ఎర్రబడేదాకా రుద్దింది. మొదట స్టార్ పోయింది. ప్యాలెస్ చివరిదాకా మొండికేసింది.

"రేపు సాయంత్రం పై వీధికి రండి. బోర్డులు చూసుకుంటూ రండి" అని మర్నాడు మాస్టారికి చెప్పింది. మామ్మకి కూడా కబురు పంపింది.

పిచ్చుక చెప్పినట్టే మాస్టారు వచ్చారు. వీధి మధ్యలో ఆగి బోర్డు చదివారు.

*తల జాగ్రత్త!*
*బ్యాగులు, జిప్పులు, గొడుగులు బాగుచేస్తాం*

ఆయన పెద్దగా నవ్వారు. గుమ్మం ఆయన తలకి జానెడు పైనే ఉంది. అయినా నడుం దాకా వంగి లోపలికి దూరారు.

"తల జాగ్రత్త!" అంది అమ్మ, మిషను మీద నుంచి కళ్ళు ఎత్తకుండానే.

ఆ వెనకే గొడుగు మామ్మ వచ్చింది. గొడుగు ఈసారి ముందే ఉంది.

పిచ్చుక గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. ఇంతలో పట్టీ తెగిన బ్యాగు ఈడ్చుకుంటూ రిబ్బన్ల పిల్ల వచ్చింది.

"ఇంత ఎత్తు గుమ్మానికి అదేం పేరే? ఎవరిదీ కొట్టు?"

లోపల మిషను టకటకమని తిరుగుతోంది. మిషను నూనె వాసన బయటిదాకా వస్తోంది. పిచ్చుక చెయ్యి చాచి రిబ్బన్ల పిల్ల బ్యాగు అందుకుంది.

"మాదే. ఇదివరకు మెట్ల కింద ఉండేవాళ్ళం. అక్కడ మాకో పసుపు బల్బు ఉండేది తెలుసా! లోపలికి రా, అంతా చెప్తాను. తల జాగ్రత్త!"

రిబ్బన్ల పిల్ల పైకి కూడా చూడకుండా, తల వంచుకుని లోపలికి వచ్చింది.